మట్టి తేని మునక

మా వైపు ఎవడైనా బావి అడుగుదాకా మునిగానంటే ఊరికే నమ్మరు. గుప్పిట్లో మట్టి చూపించమంటారు. గట్టు మీద నుంచి దూకి, చెవులు గుయ్యిమంటుండగా అడుగుకు చేరి, గుప్పెడు నల్ల బురద పట్టుకుని తేలి, ఆ చెయ్యి నీళ్ల పైకెత్తి చూపిస్తేనే మునిగినట్టు లెక్క. ఒట్టి చేతుల్తో తేలినవాణ్ణి “నడుమదాక పోయి మర్లొచ్చిండు” అని ఎక్కిరిస్తారు. మోతె దగ్గర మా ఊళ్లో గొర్లు కాసుకునే ఇళ్లలో పుట్టిన వాళ్లమంతా ఈ పరీక్ష పాసయ్యే పెద్దవాళ్లమయ్యాం. నేను ఏడో ఏటనే మట్టి తెచ్చాను. బడిలో పదో తరగతి గట్టెక్కలేదు గాని, నీళ్లలో మాత్రం నాకు అడ్డం లేదు.

గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకుంటే అనుకోండి. ఆ గొప్ప ఇప్పుడు లేదు కాబట్టి చెప్పుకునే హక్కు నాకుంది. ఎవరైనా బావిలో పడితే ముందు నా కోసమే మనిషిని పంపేవాళ్లు. పాలకీడు నుంచి, మఠంపల్లి నుంచి బండ్లేసుకుని వచ్చేవాళ్లు. అన్నం తింటుంటే చెయ్యి కడుక్కుని లేచేవాణ్ణి. ముగ్గుర్ని ప్రాణంతో తీశాను. అందులో ఒకామె అత్తతో పడక కోపంతో దూకింది, పైకి తెచ్చాక నన్నే తిట్టింది. మిగతావాళ్లను శవాలుగా తీశాను. అదీ చిన్న పని కాదు. శవం దొరక్కపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. నాకు గుంట భూమి లేదు, సొంతిల్లు లేదు. నీళ్లల్ల పడ్డోళ్లను తీసేటోడు అనే పేరొక్కటే ఉండేది. ఆ పేరు కృష్ణలో పోలేదు, సాగర్ కాల్వలో పోలేదు. ఎక్కడో అండమాన్ సముద్రంలో, నెత్తి మీద ఇనప కుండ పెట్టుకుని పోగొట్టుకున్నాను. నవ్వొస్తే నవ్వండి. మిర్యాలగూడ అంతా నవ్వింది.

అప్పుడు నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు సేటు దగ్గర కారు డ్రైవర్ని. మిల్లు వెనక రెండు గదుల క్వార్టర్ ఇచ్చాడు. నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు అందులోనే. పిల్లలు ఆ పక్క బడికే పోయేవాళ్లు. సేటు చెడ్డవాడేం కాదు. కాకపోతే నీళ్లంటే ఆయనకు చచ్చేంత భయం. వాడపల్లి దగ్గర కృష్ణకు పుణ్యస్నానానికి పోతే కడపటి మెట్టు మీద కూర్చుని చెంబుతో పోసుకునేవాడు. చీలమండ తడిసేంతవరకే ఆయన భక్తి. సేటమ్మ మాత్రం నడుంలోతు నీళ్లలోకి దిగి మూడు మునకలు వేసి వచ్చేది. ఆ భయం ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం. నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు.

తెలంగాణ ఇంకా రాలేదు, వస్తుందో రాదో అని ఊళ్లన్నీ ఊగిపోతున్న రోజులు. మిల్లుల వాళ్లు కొందరు భార్యల్ని తీసుకుని అండమాన్ టూరుకు బయల్దేరారు. మా సేటు కూడా పేరిచ్చాడు. దానికో కారణముంది. అంతకుముందు ఏడాది పక్క మిల్లు ఆయన ఆ దీవులకు పోయి, నెత్తికి టోపీలాంటిది పెట్టుకుని సముద్రం అడుగున నడిచి వచ్చాడు. చేపల మధ్య నిలబడ్డ ఫోటోను తలుపంత ఫ్రేము కట్టించి ఆఫీసులో పెట్టాడు. బియ్యం కొనడానికి వచ్చిన ప్రతి మనిషీ బియ్యం సంగతి వదిలి ఆ ఫోటో సంగతి అడుగుతున్నాడు. మా సేటుకు అన్నం సహించడం మానేసింది.

“నువ్వు గూడ వస్తున్నవ్‌రా,” అన్నాడు ఒక పొద్దున కారెక్కుతూ.

“నేనెందుకు సేటూ? గాడ కారు లేదు గదా?”

“కారు లేకపోతేంది? సముద్రంల నా పక్కకు ఈతొచ్చినోడు ఒకడుండాలె. నువ్వుంటే నాకు ధైర్యం.”

ఈ మాట గుర్తుపెట్టుకోండి అని నేను చెప్పను. కాని నేను మర్చిపోలేదు. ఆయన నోటితోనే అన్నాడు, కారు అద్దంలో నా కళ్లలోకి చూస్తూ అన్నాడు. నా భార్య నాకు రెండు జతల బట్టలు ఇస్త్రీ చేసి పెట్టింది. విమానం ఎక్కుతున్నానని సూర్యాపేటలో ఉన్న వాళ్లమ్మకు ఫోన్ చేసి మరీ చెప్పింది.

అక్కడ ఒడ్డుకు దూరంగా, నీళ్ల మీద తేలే పెద్ద బల్లలాంటిది కట్టి ఉంచారు. దాని మీద గాలి కొట్టే యంత్రం, పైపులు, వరసగా పెట్టిన హెల్మెట్లు. హెల్మెట్ అంటే బండి మీద పెట్టుకునేది కాదు. ముందర గాజు ఉన్న పెద్ద ఇనప కుండ. బయట ఇద్దరు పట్టుకుంటే గాని లేవదు, నీళ్లలోకి దిగాక భుజాల మీద బరువే తెలియదు. కింద మూత ఉండదు. పైపులో నుంచి గాలి ఆగకుండా వచ్చి లోపల నిండుతుంది, అందుకని నీళ్లు మెడ దగ్గరే ఆగిపోతాయి. గ్లాసు బోర్లించి బకెట్లో ముంచితే లోపల తడవదు చూడండి, అంతే సంగతి. గ్లాసు వంచితే ఏమవుతుందో కూడా మీకు తెలుసు.

మమ్మల్ని తీసుకుపోయే గైడు తెలుగువాడే. సిక్కోలు నుంచి తాతల నాడు అక్కడికి వలస పోయిన కుటుంబం. ఎండకు మాడి బొగ్గులా ఉన్నాడు, నవ్వితే పళ్లొక్కటే కనబడుతున్నాయి. మా ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాడు.

“రెండు ముక్కలు బుర్రలో ఎట్టుకోండి బాబూ. నడుం వంచకూడదు, మెడ వంచకూడదు. కిందికి సూడాలంటే కళ్లు దించండి, తల దించొద్దు. వంగితే గాలి పోద్ది, నీరొచ్చేస్తాది. బాగుంటే వేళ్లు ఇలాగ సున్నా సుట్టి సూపండి. పైకి పోవాలంటే బొటనేలు పైకెత్తండి. పగడాల్ని ముట్టుకోవద్దు. రాయి గాని, ఇసక గాని, ఏదీ పైకి తేవొద్దు.”

సేటు అన్నిటికీ తల ఊపాడు. ఊపుతూనే నా మణికట్టు పట్టుకున్నాడు.  మిగతా మిల్లుల వాళ్లు వాళ్ల వంతు కోసం పడవ లోపల నీడలో కూర్చుని చిప్స్ తింటున్నారు. సేటమ్మ ఒక్కతే బల్ల అంచున నిలబడి మమ్మల్ని చూస్తోంది.

నిచ్చెన మీద భుజాల దాకా దిగాక కుండ నెత్తిన పెట్టారు. ఒక్కో మెట్టు దిగుతుంటే చెవులు బిగుసుకున్నాయి. అది నాకు పాత సంగతే. కింద నుంచి చెయ్యి లోపలికి పోనిచ్చి ముక్కు మూసి చెవుల్లోకి ఊదుకోవాలి. నేను ఊదుకుని సేటుకు చూపించాను. ఆయనా ఊదుకున్నాడు. ఇద్దరం అడుగుకు చేరాం.

నిజం చెప్తున్నాను, అడుగున నిలబడి ఊపిరి పీల్చుకోగానే నాకు ఏడుపొచ్చింది. పుట్టిన కాడి నుంచి నీళ్ల అడుగంటే నాకు బిగబట్టిన ఊపిరే. గబగబా పోవడం, దొరికింది పట్టుకోవడం, గుండె పగిలేలోపు పైకి రావడం. అడుగును నింపాదిగా చూసిన పాపాన పోలేదు. ఇక్కడ ఇసక మీద మా ఇంటి ముందర నిలబడ్డట్టు నిలబడ్డాను. టూరు పోస్టర్లో చూపిన రంగులేమీ లేవులెండి. సగం పగడాలు సున్నం కొట్టినట్టు తెల్లబడి ఉన్నాయి. మిగతావి బూడిద రంగు, అక్కడక్కడ వంగపండు రంగు. కాని చేపలు మాత్రం పసుపు నలుపు చారలవి, నా గాజు ముందుకొచ్చి ఇదెవడ్రా అన్నట్టు చూసిపోతున్నాయి. సేటు అక్కడ పాతిన ఇనప కమ్మీ పట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. గైడు ఆయన చేతికి రొట్టె ముక్క ఇచ్చాడు. చేపలు మూగాయి. కెమెరా వాడు చుట్టూ తిరిగి తీస్తున్నాడు. సేటు రొమ్ము విరుచుకున్నాడు, నాకు సంతోషమేసింది. ఆయన ఫోటో ఆయనకు వచ్చేసింది, ఇంక ఊళ్లో అన్నం తింటాడు అనుకున్నాను.

అక్కడే నా చెయ్యి నన్ను ముంచింది. కాళ్ల కింద అడుగుంది. అడుగు దొరికితే మట్టి తియ్యాలి. ఇది నేను ఆలోచించి చేసింది కాదు, ఆ చెయ్యికి ముప్పై ఏళ్ల అలవాటు. గైడు చెప్పిన మాట చెవిలోనే ఉంది, చెయ్యి వినలేదు. నడుం వంచి ఇసక మీద చెయ్యేశాను. గుప్పిట నిండింది. అదే క్షణం కుండలో గాలి బుడబుడమని పోయి ఉప్పునీళ్లు మెడ దాటి, గడ్డం దాటి, మూతి దాకా వచ్చాయి. గైడు ఒక్క గుంజు గుంజి భుజాలు పట్టి నన్ను నిలబెట్టాడు. మళ్లీ గాలి నిండింది, నీళ్లు కిందికి దిగిపోయాయి. అంతా ఒక తుమ్ము తుమ్మినంత సేపు. నాకు భయం లేదు, నవ్వొచ్చింది. వేళ్లు సున్నా చుట్టి చూపించాను. గైడు నా గుప్పిట విప్పించి ఇసక అక్కడే వదిలించాడు. చిన్నపిల్లవాణ్ణి కొట్టినట్టు చేతి మీద ఒకటి వేశాడు.

కాని సేటు చూశాడు. నా కుండలోకి నీళ్లు రావడం గాజులో నుంచి చూశాడు. వీడికొచ్చాయంటే నాకూ వస్తాయి అనుకున్నాడో ఏమో, కమ్మీ వదిలేశాడు. రెండు చేతులతో తన కుండ పట్టుకుని పైకి ఎత్తబోయాడు. అది గనక తీసి ఉంటే అంత లోతున ఆయన పని ఖతం. నేను ఒక్క అంగలో పోయి ఆయన రెండు చేతులూ పట్టి కిందికి గుంజాను. తన్నాడు, గీకాడు, నా ముంజేతి తోలు లేచిపోయింది. గాజు లోపల ఆయన నోరు తెరుచుకుని ఉంది, నాకు చప్పుడు వినబడలేదు. కెమెరా వాడు కెమెరా వదిలేసి ఆయన నడుం పట్టాడు. గైడు వెనక నుంచి కుండ అదిమి పట్టాడు. నేను ఆయన చేతులు వదలకుండా, కళ్లలోకి చూస్తూ, ఒక్కో మెట్టూ ఎక్కించాను. పైకొచ్చి కుండ తియ్యగానే బల్ల మీద బోర్లా పడి వాంతి చేసుకున్నాడు. “సస్తనేమో అనుకున్నరా, సస్తనేమో అనుకున్న,” అని నా కాలు పట్టుకుని ఏడ్చాడు. సేటమ్మ ఆయన వీపు నిమిరింది. ఇంకా ఏమేం తడిసిందో సముద్రం నుంచి వచ్చినవాణ్ణి అడగరు కాబట్టి ఆ పరువొక్కటి దక్కింది.

పావుగంట కాలేదు. మిగతావాళ్లు పడవలో నుంచి లేచి ఇవతలికి వచ్చారు. ఏమైంది, ఎందుకు ఏడ్చావన్నారు. సేటు తువ్వాలతో మొహం తుడుచుకుని, గొంతు సవరించుకుని చెప్పాడు.

“మా డ్రైవర్‌గాడు నీళ్లు మింగిండు. కుండల నీళ్లు నిండి కొట్టుకుంటుండు. నేను చెయ్యి పట్టుకోని పైకి గుంజుకొచ్చిన. వాడు పోతే వాని పెండ్లానికి నేనేం జవాబు చెప్పాలె? ఆ టెన్షన్‌కు నాకు కడుపుల తిప్పింది.”

అందరూ నా వైపు చూశారు. నేను సేటు వైపు చూశాను. ఆయన కళ్లలో బతిమాలడం కనబడింది. పది మంది సేట్ల ముందర మనిషి పరువు పోకూడదులే, నాలుగు రోజుల టూరు, ఇక్కడి మాట ఇక్కడే పోతుంది అనుకున్నాను. ఊరుకున్నాను. ఊరుకుంటే ఊరుకున్నాను, నవ్వాను కూడా. ఆ నవ్వుకు నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలి. సేటమ్మ అంతా చూసిన మనిషి. ఆమె ఒక కొబ్బరిబోండాం తెచ్చి నా చేతిలో పెట్టి, మళ్లీ పోయి సేటు పక్కన నిలబడింది. గీకిన చోట ఉప్పునీళ్లు మండుతున్నాయి.

మర్నాడు సీడీ వచ్చింది. ఆ సీడీలో సేటు రాజులా నిలబడి చేపలకు రొట్టె పెడుతున్నాడు. తర్వాత నేను. వంగుతున్నాను, నా కుండ నిండా నీళ్లు, గైడు నన్ను ఎత్తి నిలబెడుతున్నాడు. అక్కడితో బొమ్మ అయిపోయింది. ఎందుకంటే ఆ తర్వాత కెమెరా వాడి చేతిలో కెమెరా లేదు, సేటు నడుం ఉంది. అబద్ధానికి ఇంతకంటే మంచి సాక్ష్యం దేవుడు కూడా ఇవ్వలేడు. ఆ గైడు చెప్పింది విని నిలువుగా నిలబడి ఉంటే నాకు ఈ గతి పట్టేది కాదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఊరికే అన్నారా.

మిర్యాలగూడ వచ్చాక ఆ సీడీ మిల్లు ఆఫీసు కంప్యూటర్లో ఎన్నిసార్లు తిరిగిందో. వడ్లు తెచ్చిన వాళ్లకు చూపించాడు, లారీల వాళ్లకు చూపించాడు, హమాలీల్ని పిలిచి చూపించాడు. నా కుండలో నీళ్లు నిండే చోట ఆపేవాడు. “సూసిన్రా? గా టైముల నేను లేకపోతే?” అనేవాడు. మొదట్లో నన్ను చూసి కొంచెం తడబడేవాడు. నెల తిరిగేసరికి ఆ తడబాటు పోయింది. నిజంగా తానే తీశానని నమ్మడం మొదలుపెట్టాడు. హమాలీలు నాకు బుడుంగు అని పేరు పెట్టారు. టీ కొట్టు దగ్గరికి పోతే, “ఏమే బుడుంగు, పైలం, గ్లాసుల పడేవ్,” అనేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి. ఒకరోజు ఉండబట్టలేక టీ కొట్టు దగ్గర ఉన్నదున్నట్టు చెప్పాను. అంతా విని ఒక ముసలి హమాలీ, వాడిదీ మా మోతె వైపే, బీడీ ఆర్పి అడిగాడు.

“అడుగుదాక పోయినవ్ గదా, మట్టి తెచ్చినవా?”

“తియ్యబోయిన. గైడు ఇడిపిచ్చిండు.”

“నీకాడ మట్టి లేదు, ఒట్టి మాట ఉన్నది. సేటుకాడ సీడీ ఉన్నది,” అని లేచిపోయాడు. వాడు ఎక్కిరించడానికి అనలేదు. మా వైపు న్యాయం అంతే.

కోదాడలో సేటు బావమరిది ఇంట్లో గృహప్రవేశమైతే అక్కడికీ ఆ సీడీ వచ్చింది. భోజనాలయ్యాక పెద్ద టీవీలో వేశారు. నేను కారు తాళాలు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. ఒక పెద్దావిడ నన్ను పోల్చుకుని, “అయ్యో పాపం, నువ్వేనా బాబూ? ఈత రానప్పుడు దిగటం ఎందుకయ్యా? పెళ్లాం పిల్లలున్నవాడివి,” అంది. జాలిపడి నా చేతిలో ఒక లడ్డు కూడా పెట్టింది. తిట్టినవాడి మొహాన ఏదన్నా అనొచ్చు, జాలిపడినామెను ఏమనాలి? లడ్డు తినేశాను.

నా భార్యకు మాత్రం కడుపు మండిపోయింది. సూర్యాపేటలో వాళ్లమ్మ ఇంటి దగ్గర కూడా ఈ ముచ్చట పాకింది. వాళ్లన్న ఫోన్ చేసి, బావకు ఫిట్స్ గిట్ల ఏమన్నా వచ్చినయా, దవాఖానల చూపియ్యండి అన్నాడట.

“ఏరు దాటేదాక ఓడ మల్లయ్య, దాటినంక బోడ మల్లయ్య,” అని గిన్నెలు ధడేల్న పడేసింది నా భార్య. “నీకు నోరు లేదా? పోయి అడుగు. అడగకపోతే నేనడుగుత.”

“అడిగితే ఏమైతది? ఈ ఇల్లు ఆయనది. పిల్లల బడి గీడ. ఉన్నపళంగ యాడికి పోతం?”

“ఇల్లు ఆయనదే. పేరు గూడ ఆయనకే రాసిచ్చినవా?”

 కోపం వచ్చి ఆమెను నాలుగు మాటలన్నాను. ఎవరి మీద రావాల్సిన కోపమో ఎవరి మీద చూపించానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. 

మెల్లగా పిలుపులు ఆగిపోయాయి. మొదట నేను గమనించలేదు. ఈ ఏడు ఎవరూ పడలేదేమో, మంచిదే కదా అనుకున్నాను. తర్వాత తెలిసింది, మా ఊళ్లోనే, మా పాలివాళ్ల బావిలోనే ఒకాయన పడితే తీయడానికి హుజూర్‌నగర్ అవతల నుంచి మనిషిని తెచ్చారని. మా పెదనాన్న కొడుక్కు ఫోన్ చేసి ఎందుకు చెప్పలేదని అడిగాను. “ఏం లేదు తమ్మీ, అండమాన్ల గట్లయినంక నీకు నీళ్లంటే భయం పట్టిందంట గదా. నిన్నెందుకు పరేషాన్ చేసుడని,” అన్నాడు. సొంత అన్న లాంటివాడు. నాతో కలిసి అదే బావిలో మట్టి తెచ్చినవాడు. ఫోన్ పెట్టేశాను.

అట్లా ఏడాది పైనే గడిచింది. ఇక అసలు సంగతికి వస్తాను. ఇంతసేపు చెప్పింది ఇది చెప్పడానికే. చెప్పడం ఇష్టం లేక అంత సాగదీశాను.

యాసంగి పంటకు సాగర్ కాల్వకు నీళ్లు వదిలిన కొత్త. వరి కోసిన మళ్లలో మేపుకోవడానికి మా మోతె వైపు నుంచి గొర్ల మందలు మిర్యాలగూడ దాకా వస్తాయి. మా మిల్లుకు కాల్వ కూతవేటు దూరం. పొద్దున పదింటికి నేను మిల్లు గేటు లోపల పైపు పెట్టి కారు కడుగుతున్నాను. గొంగడి భుజాన వేసుకున్న ఒక మనిషి రొప్పుకుంటూ గేటు లోపలికి వచ్చాడు. సేటు ఆఫీసు అరుగు మీద కుర్చీలో కూర్చుని ఉన్నాడు, కింద నలుగురు హమాలీలు బస్తాలు దించుతున్నారు.

“అయ్యా, మా తమ్ముడు కాల్వల పడ్డడు. గొర్రె జారితే దానెంబడి దిగిండు. బ్రిడ్జి కాడ ఇనుప చువ్వ పట్టుకోని ఏలాడుతుండు. మాకెవ్వలికి గా వరదల దిగ చాతగాదు. మీ మిల్లుల ఈతగాడు ఒకాయన ఉన్నడంట గదా? జర పంపున్రి, మీ కాళ్లు మొక్కుత.”

సేటు లేవలేదు. పేపర్ మడిచాడు.

“ఎవలు, మా బుడుంగా? వానికి ఈత రాదయ్యా. ఎవలో పాత ముచ్చట చెప్పిన్రు నీకు. వాడు దిగితే వాన్ని తీసెతందుకు ఇంకొగలు కావాలె. ఫైరింజనోళ్లకు ఫోన్ చెయ్. లేకపోతే ట్రాక్టరోళ్లకాడ తాడు అడుగు, పో.”

ఎకసెక్కానికి అన్నాడని కూడా చెప్పలేను. ఆయన నిజంగానే నమ్మి చెప్పాడు. ఆ మనిషి తిరిగి నన్ను చూశాడు. సేటు చూపు నా మీదే ఉంది కాబట్టి బుడుంగు నేనేనని ఆయనకు తెలిసిపోయింది. నన్ను చూసి అడగడానికి నోరు తెరిచాడు. “కాదు, నాకు ఈతొస్తది, పద” అని నేను అనాలి. రెండు మాటలు. ఆ రెండు మాటలంటే సేటును నలుగురు హమాలీల ముందర అబద్ధాలకోరును చేసినట్టు. ఇల్లు, బడి, కొలువు అన్నీ ఒక్కసారే కళ్ల ముందు తిరిగాయి. నేను తల దించి కారు అద్దం మీద నీళ్లు పట్టాను. ఆ మనిషి ఇంకో క్షణం చూసి రోడ్డు మీదికి పరిగెత్తాడు.

నేను కారు ఒక పక్క మొత్తం కడిగాను. ముందు తలుపు, వెనక తలుపు, రెండు చక్రాలు. ఎంతసేపయిందంటే అంతసేపయింది. వెనక చక్రం దగ్గర కూర్చుని బురద గోకడం మొదలుపెట్టాను. చువ్వ పట్టుకున్న చేతులు ఎంతసేపు పట్టుకుంటాయో నాకు తెలుసు. అది తెలిసినవాణ్ణి ఆ మిల్లులో నేనొక్కణ్ణే. పైపు అక్కడే పడేసి గేటు దాటి ఉరికాను. సేటు వెనక నుంచి ఏదో అరిచాడు.

బ్రిడ్జి దగ్గరికి చేరేసరికి జనం పిట్టగోడ మీద నుంచి కింది వైపు చేతులు చూపిస్తున్నారు. చువ్వ ఒట్టిగా ఉంది. ట్రాక్టరు తాడు అప్పుడే తెచ్చినట్టున్నారు, ఇంకా చుట్ట విప్పలేదు. “ఇప్పుడే ఇడిసిండు, గిప్పుడే,” అంటున్నారు. చొక్కా కూడా విప్పకుండా దూకాను. నీళ్లు ఈడ్చుకుపోతున్నాయి. తూము గేటు దగ్గర సుడిలో మునిగి వెతికాను. మొదటిసారి దొరకలేదు. రెండోసారి గొంగడి తగిలింది, తర్వాత మనిషి. జుట్టు పట్టి ఒడ్డుకు తెచ్చాను. రొమ్ము ఒత్తాను, బోర్లా వేసి నీళ్లు కక్కించాను, నోట్లో నోరు పెట్టి ఊదాను. ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది. నా వయసువాడే. మీసాలు చక్కగా కత్తిరించుకుని ఉన్నాడు. ఎంతసేపు ఒత్తానో, ఎవరో వచ్చి నా చేతులు పట్టుకుని ఆపారు.

మంద దగ్గర నుంచి అతని భార్య వచ్చింది. ఉరికి వచ్చిందని అనుకుంటారు, కాదు. నడిచి వచ్చింది. అప్పటికి చచ్చిపోయినాయన అన్న ఆమెకు అంతా చెప్పినట్టున్నాడు, మిల్లుకు పోయిన సంగతి, సేటు అన్న మాట. ఆమె మొగుడి తల నా తొడ మీద ఉంది. ఆమె ముందు అతన్ని చూడలేదు, నన్ను చూసింది. నా బట్టల్లో నుంచి నీళ్లు కారుతున్నాయి.

“అన్నా, గింత వరదల మునిగి తీసినవ్. నీకు ఈత రాదన్నరంట గదనే? వస్తదా?”

వస్తది అంటే తర్వాతి మాట ఏం అడుగుతుందో నాకు తెలుసు. అడగకపోయినా ఆమె బతికినన్నాళ్లూ అడుగుతూనే ఉంటుంది. చుట్టూ జనం, ఆమె పక్కన గొంగడి కప్పుకున్న ఆ అన్న, వాళ్ల వెనక తూము గేటు దాకా నడిచొచ్చి నిలబడ్డ మా సేటు.

“రాదు చెల్లె,” అన్నాను.

అప్పటిదాకా నాకు ఈత రాదన్న అబద్ధం సేటు ఒక్కడిదే.